నెలవంక రొట్టె

గడచిన జనవరి మాసమున మేము పదవ తరగతి విద్యార్థులతో పుదుచ్చేరి పట్టణమును చూడబోయితిమి. ఫ్రెంచి వర్తకులు 1674లో అచట స్థానము నెలకొల్పుకొనిరి. 1954 నవంబరు 1వ తేదీన ఆ పట్టణపు పరిపాలన భారతదేశమునకు సంక్రమించెను. గౌతమీతీరముననున్న మన యానాము సైతము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండినదే. ఏలినవారు వెడలిపోయిరి గాని, వారి వీధుల పేళ్లును, వారి రొట్టెలును అచట నిలిచియున్నవి. సముద్రమునకు సమీపముననున్న యొక ఫ్రెంచి రొట్టెల యంగడిలో మేము చూచినదియు, రుచి యెఱిగినదియు, నేర్చుకొన్నదియు ఇందు వ్రాయుచున్నాము.

అద్దపు బీరువాలో పదార్థములు వరుసగా నమర్చియుండిరి. పేళ్లు వినగానే పిల్లలు బెదరిరి; అర్థములు చెప్పగానే నవ్విరి. క్రువాసాన్ అనగా నెలవంక. ఎక్లేర్ అనగా మెఱుపు. మిల్‌ఫెయ్ అనగా వేయి యాకులు. ఎక్లేరుకు వాడు పిండిని షూ అందురు, అనగా క్యాబేజీ. ఆ పిండిని చిన్న ముద్దలుగా కాల్చినపుడు అవి క్యాబేజీవలె గుండ్రముగా నుబ్బును గనుక ఆ పేరు కలిగెను.

నెలవంక రొట్టె మొదట ఫ్రెంచివారిది కాదు. ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున కిప్ఫెల్ అను వంపు రొట్టె పూర్వమునుండి కలదు. 1838 ప్రాంతమున ఆ దేశస్థుడైన ఆగస్టు జాంగ్ పారిసు నగరమున వియన్నా రొట్టెల యంగడి తెఱచెను. దానిని చూచి పారిసువారు తమ పద్ధతిని వెన్న మడతలు చేర్చి, ఇప్పటి రూపమును కల్పించిరి. 1683లో తురుష్కులు వియన్నాను ముట్టడించి యోడినందుకు గుర్తుగా ఈ రొట్టె పుట్టినదని యొక కథ గలదు. కథ వినసొంపుగా నున్నను, ఆ కాలపు సాక్ష్య మేదియు దానికి లేదు. వినసొంపైనదెల్ల చరిత్ర కాదని పిల్లలు గ్రహింతురు గాక.

దీనిని చేయు విధము ఎట్టిదనగా: మైదా, పాలు, చక్కెర, ఉప్పు, ఈస్టు కలిపి పిండి పిసుకుదురు. దానిని పలకవలె సాచి, నడుమ వెన్నపలకను పెట్టి మూయుదురు. మరల సాచి, ఉత్తరమును మడచినట్లు మూడు పొరలుగా మడతురు. ఇట్లు మూడుసార్లు చేసినచో వెన్న పొరలు 3, 9, 27 అగును. లెక్క పిల్లలే చెప్పిరి. మిల్‌ఫెయ్ పిండిని ఆఱుసార్లు మడచుట పరిపాటి. అప్పుడు 729 పొరలగును. వేయి యనుట యతిశయోక్తియే గాని, మిక్కిలి దూరపుది కాదు.

వెన్నలో నూటికి సుమారు 16 పాళ్లు నీరుండును. బట్టీలోని వేడికి ఆ నీరు ఆవిరియై పొరలను పైకెత్తును. వెన్నలోని కొవ్వు పొరలను ఒకదానికొకటి అంటనీయదు. ఈస్టు పుట్టించు వాయువు పిండిని లోపల గుల్లపఱచును. ఎక్లేరులో ఈస్టు లేదు. ఉడికించిన పిండిలో గ్రుడ్లు కలిపి కాల్చగా, కేవలము ఆవిరిచేతనే అది ఉబ్బి లోపల బోలగును. ఆ బోలులో మీగడవంటి తీపి పదార్థము నింపుదురు. మన పూరీ నూనెలో పొంగుటకును కారణమిదియే.

మేము తలకొక నెలవంక రొట్టె కొంటిమి. తక్కినవానిని ముక్కలు చేసి పంచితిమి. కొఱికినంతనే పొరలు చిట్లి బల్లనిండ రాలెను. ఒక బాలుడు మాత్రము తన రొట్టెను తినక కాగితములో చుట్టుచుండెను. ఇది నేడే తినదగినదనియు, రేపటికి లోపలి తేమ పైపొరలకు ప్రాకి మెత్తబడుననియు అంగడివారు చెప్పిరి. ఆ బాలుడు తలవంచుకొని, “మాస్టరుగారూ, మా అమ్మ తాపేశ్వరములో మడత కాజాల దుకాణములో పనిచేయును. ఈ మడతలు ఆమెకు చూపవలెను” అనెను. తల్లి పనిని గూర్చి అతడు అంతవఱకు ఎవ్వరితోను చెప్పియుండలేదు. పాఠశాల పత్రములో ‘కూలి’ అని మాత్రమే వ్రాయించియుండెను. ఎవరును నవ్వలేదు. ప్రక్కనున్నవాడు తన రొట్టెలో సగము విఱిచి అతనికిచ్చెను.

రాత్రియంతయు రైలులో ప్రయాణము చేసిన ఆ రొట్టె నలిగి, మెత్తబడి, ఇల్లు చేరెను. తరువాతి వారమున ఆ తల్లి పాఠశాలకు వచ్చినపుడు మమ్ము అడిగిన దొక్కటే ప్రశ్న: “సాచేటప్పుడే వెన్న కరిగిపోదా అయ్యగారూ? మడతలన్నీ ఒకటైపోవా?”

మేము సిగ్గుపడితిమి. అంగడిలో అంత సేపుండియు, మేము గాని మా విద్యార్థులు గాని ఆ ప్రశ్న నడిగినవారము కాము. ఈ విద్యయొక్క మర్మమంతయు అందే యున్నది. వెన్న సుమారు 32 మొదలు 35 సెంటిగ్రేడు డిగ్రీలలో కరగిపోవును. అంతకు ముందే మెత్తబడి పిండిలో కలియును. కావున మడతకు మడతకు నడుమ పిండిని చల్లని పెట్టెలో నుంచి గట్టిపఱచెదరు. కాజా పద్ధతి వేఱు: పిండిని పల్చగా సాచి, నేయి పూసి, చుట్టి, కోసి, వేయించి పాకములో వేయుదురు. నేతిలో నీరు లేదు. అది కరగినను పొరల నడుమ అడ్డుగా నుండి వానిని వేఱుచేయును. మన యెండలకు తగిన యుపాయమును మనవారు కనుగొనిరి.

మా కోరికపై ఆమె ఫిబ్రవరి మాసమున ఒక శనివారము వచ్చి, తరగతిలో బల్లపై పిండి సాచి, చుట్టి, కోసి చూపెను. మేము వెనుక బెంచిమీద కూర్చుండి వ్రాసికొంటిమి. ఆమె కుమారుడు ముందు నిలిచి నేయి అందించెను. పరలోకరాజ్యమును బోధింపనెంచి మన ప్రభువు, పిండిలో పులిపిండి దాచిన యొక స్త్రీ పనిని ఉపమానముగా గైకొనెను. ఆ చేతులను మన పాఠశాలలు ఇంతకాలము ‘కూలి’ యను మాటలో అణచి వ్రాయుచువచ్చినవి. ఆ బాలుని పత్రమును ఇప్పుడు సవరించితిమి. అందు ‘మిఠాయి పనివారు’ అని యున్నది.