ఒకే బల్ల, వేర్వేరు వరుసలు

అమెరికాలో తెల్లవారు నల్లవారిని చూసిన తీరు గురించి ప్రసంగంలో చెబితే మన సంఘాల్లో అందరం అయ్యో అంటాం. దూరపు పాపం కదా, బాధపడటం తేలిక!

18వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో నల్లజాతి విశ్వాసులు మోకరించి ప్రార్థిస్తుంటే, అది వారి చోటు కాదంటూ చర్చి పెద్దలు లేపబోయారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నా వినలేదు. ప్రార్థన కాగానే వారంతా లేచి వెళ్లిపోయారు. వారిలో ఒకరైన రిచర్డ్ అలెన్ బానిసగా పుట్టి, సొంత కష్టంతో తన విడుదల కొనుక్కున్నవాడు. 1816లో ఏర్పడిన నల్లవారి మెథడిస్టు సంఘానికి ఆయనే మొదటి బిషప్. అదే అలెన్ దగ్గరికి జరీనా లీ అనే నల్లజాతి స్త్రీ వచ్చి వాక్యం ప్రకటిస్తానంటే మొదట కుదరదన్నారు. ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. రంగు పేరిట అవమానం పొందిన మనిషికే స్త్రీ విషయంలో అంతకాలం పట్టిందన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నేరేడుచర్లలో బస్సెక్కితే గంటలోపే మిర్యాలగూడ. 2018 సెప్టెంబర్ 14న దళిత క్రైస్తవ యువకుడు పెరుమాళ్ల ప్రణయ్, గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించుకొని బయటికి వస్తుండగా నరికి చంపారు. డబ్బిచ్చి చంపించింది అమ్మాయి తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. తీర్పు రాకముందే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. కులం, డబ్బు, కూతురి మీద పెత్తనం మూడూ ఆ కత్తి వెనుక ఉన్నాయి. ప్రణయ్ చదువుగానీ, బాప్తిస్మంగానీ ఆ కళ్లకు కనబడలేదు.

ఇదే మాట మనం ప్రభుత్వానికీ చెబుతుంటాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద 1 శాతంతో సరిపెట్టుకుంటున్నాం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన కులం పోదని వినతిపత్రాల్లో రాస్తాం. న్యాయమైన కోరికే. మరి ఆదివారం మందిరంలో, మనలో కులమే లేదని సాక్ష్యం చెబుతామేం? మాల సంఘం, మాదిగ సంఘం అని వేరువేరు మందిరాలు కట్టుకున్న ఊళ్లు మనకు తెలియవా? బయట గెంటివేత రుచి చూసినవాళ్లమే లోపల గీత గీసుకున్నాం.

ఇక స్త్రీల మాట. సాగర్ ఎడమ కాలువ కింద నడుము వంచి నాట్లు వేసేది వారే. శనివారం మందిరం ఊడ్చేదీ, ఉపవాస ప్రార్థనకు ముందుగా వచ్చేదీ వారే. సంఘపెద్దల జాబితాలో ఎందరున్నారు? 2013లో నంద్యాల అధ్యక్షమండలానికి పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ అయితే సంతోషించాం. మన కమిటీ మాత్రం అలాగే ఉంది.

బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు ఇచ్చిన సంఘాన్ని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో గద్దించాడు. మందిరానికి కారులో వచ్చిన దాతకు మనం ఎదురెళ్లి కుర్చీ వేయడం లేదా?

ప్రభువు బల్ల దగ్గర అందరం కలిసే నిలబడతాం. అసలు పరీక్ష పెళ్లి సంబంధం దగ్గర. గడిచిన ఏడాది మన సంఘంలో చదివిన పెండ్లి ప్రకటనల్లో ఒక వాడ నుంచి ఇంకో వాడకు కుదిరినవి ఎన్ని? రిజిస్టరు కాపరి గారి దగ్గరే ఉంటుంది.