కోట కింద ఊరు

భువనగిరిలో పెద్ద రాతిగుట్ట ఉంది. గుట్ట మీద కోట ఉంది. చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాన్ని కట్టించాడు. ఆయన పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చింది.

2016 అక్టోబరు 11న భువనగిరి జిల్లా కేంద్రమైంది. అంతకుముందు కలెక్టరుతో పని పడితే నల్గొండ పోవాలి. ఇప్పుడు ఇక్కడే అర్జీ ఇవ్వచ్చు.

హైదరాబాదు సుమారు 50 కిలోమీటర్లు. పొద్దున రైలెక్కి పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరొచ్చు.

పట్నం దగ్గర కాబట్టి భూమి ధర పెరిగింది. కొనేవాళ్ళు ఇంటికే వస్తారు. బయానా చేతిలో పెడతారు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా" అంటారు.

తొందర పడొద్దు. కాగితం తీసుకోండి. సర్వే నంబరు, ఎకరాలు-గుంటలు, ధర, గడువు నాలుగూ చదవండి. అన్నీ సరిగ్గా ఉంటేనే సంతకం. అమ్మిన భూమిని మళ్ళీ కొనగలమా?