38 డిగ్రీల గదిలో ఓవర్‌క్లాకింగ్: ముందు వోల్టేజ్ తగ్గించండి, స్పీడ్ సంగతి తర్వాత

యూట్యూబ్‌లో ఒక ప్రాసెసర్ రివ్యూ చూస్తారు. ఓవర్‌క్లాక్ చేసినా 84 డిగ్రీలే వచ్చింది, సూపర్ అంటాడు రివ్యూయర్. అదే ప్రాసెసర్, అదే కూలర్ కొని, అవే సెట్టింగ్స్ పెట్టి ఇంట్లో నడిపిస్తే మే నెల మధ్యాహ్నం టెంపరేచర్ లిమిట్ తగిలి స్పీడ్ పడిపోతుంది. పేస్ట్ సరిగ్గా పడలేదేమో అని కూలర్ విప్పి మళ్లీ బిగిస్తారు. తేడా ఉండదు. ఎందుకంటే చాలాసార్లు తప్పు పేస్ట్‌ది కాదు, కూలర్‌ది కాదు. ఆ రివ్యూ 22 డిగ్రీల ఏసీ గదిలో తీశారు. మీ పీసీ ఉన్నది స్లాబ్ కింద 38 డిగ్రీల గదిలో.

కూలర్ అనేది చల్లదనాన్ని తయారు చేసే యంత్రం కాదు. ప్రాసెసర్ వేడిని తీసుకెళ్లి గది గాలికి అప్పజెప్పే మధ్యవర్తి, అంతే. అందుకే ఎంత ఖరీదైన ఎయిర్ కూలర్ అయినా, 360 ఎంఎం లిక్విడ్ కూలర్ అయినా గది టెంపరేచర్ కంటే కిందకు తీసుకురాలేదు. ప్రాసెసర్ గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుందో అదే అసలు నంబర్. రివ్యూలో 84 కనిపిస్తే అందులోంచి ఆ గది 22 తీసేయండి, మిగిలిన 62కి మీ గది 38 కలపండి. 100 వస్తుంది. రైజెన్ 7000 సిరీస్‌లో చాలా ప్రాసెసర్ల లిమిట్ 95. అంటే అక్కడ పాసైన సెట్టింగ్ ఇక్కడ ఫెయిల్.

రామగుండం, విజయవాడ, ఖమ్మం వైపు వాళ్లకి ఎండాకాలం గురించి నేను చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో టాప్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లదీ పెద్ద తేడా ఏమీ కాదు.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ఒక్క ఫార్ములా గుర్తుంటే మిగతాదంతా ఈజీ. ప్రాసెసర్ పని చేసేటప్పుడు తీసుకునే పవర్ స్పీడ్‌తో నేరుగా పెరుగుతుంది, కానీ వోల్టేజ్‌కి మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. వోల్టేజ్ రెట్టింపు చేస్తే వేడి నాలుగు రెట్లు అన్నమాట.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక ప్రాసెసర్ 4.6 గిగాహెర్ట్జ్‌లో 1.20 వోల్ట్‌ల దగ్గర 80 వాట్లు తీసుకుంటోంది, గది కంటే 45 డిగ్రీలు ఎక్కువ నడుస్తోంది అనుకోండి. దాన్ని 5.0కి తీసుకెళ్లాలంటే 1.35 వోల్ట్‌లు ఇవ్వాల్సి వచ్చింది. స్పీడ్ పెరిగింది 9 శాతం లోపే. వోల్టేజ్ వర్గం లెక్క కలిపి చూస్తే పవర్ పెరిగింది దాదాపు 38 శాతం, అంటే 110 వాట్లు. టెంపరేచర్ గది కంటే 62 డిగ్రీలు పైన. 22 డిగ్రీల గదిలో ఇది 84, హాయిగా ఉంటుంది. మన గదిలో 100. ఇప్పుడు రివర్స్‌లో వెళ్దాం. అదే 4.6 స్పీడ్‌ని 1.12 వోల్ట్‌లతో నడిపించగలిగితే పవర్ 70 వాట్లకు దిగుతుంది. టెంపరేచర్ 38 గదిలో కూడా 77 దగ్గరే. 9 శాతం స్పీడ్ కోసం 17 డిగ్రీలు ఇచ్చేస్తారా, స్పీడ్ ఏమీ పోకుండా 6 డిగ్రీలు వెనక్కి తెచ్చుకుంటారా? మన ఊళ్లలో ఓవర్‌క్లాకింగ్ అంటే ఈ ప్రశ్నే.

ఒకప్పుడు ఈ లెక్క వేరేగా ఉండేది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. బస్ స్పీడ్‌ని 66 నుంచి 100కి మారిస్తే చాలా చిప్స్ 450లో నడిచేవి. 50 శాతం ఫ్రీగా! ఇప్పుడు ఆ మిగులు కంపెనీలే వాడేసుకుని బూస్ట్ క్లాక్ పేరుతో మనకి అమ్ముతున్నాయి. రైజెన్ 5 7600 బేస్ స్పీడ్ 3.8, బూస్ట్ 5.1. అంటే డబ్బా తెరిచేసరికే ఓవర్‌క్లాక్ అయిపోయి ఉంది. దాన్ని మాన్యువల్‌గా అన్ని కోర్లకీ 4.9 దగ్గర ఫిక్స్ చేస్తే సింగిల్ కోర్‌లో 5.1 పోతుంది, కొన్ని గేమ్స్‌లో స్కోర్ తగ్గుతుంది కూడా. పాత వీడియోలు చూసి ఫిక్స్‌డ్ ఓవర్‌క్లాక్ పెట్టేవాళ్లు దీన్ని గమనించరు.

పార్ట్స్ కొనేటప్పుడే సగం పని అయిపోతుంది

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, లిస్ట్‌లో ముందు అందరూ గ్రాఫిక్స్ కార్డ్ రాస్తారు, చివర్లో మిగిలిన డబ్బులతో కేబినెట్ కొంటారు. ఆర్‌జీబీ లైట్లు, ముందు మొత్తం గ్లాస్. గ్లాస్ లోంచి గాలి రాదు కదా! మెష్ ఫ్రంట్ ఉన్న కేబినెట్, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటకి. లైట్ల మీద పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

రైజెన్ 5 7600తో వ్రెయిత్ స్టెల్త్ కూలర్ ఫ్రీగా వస్తుంది. ఆ ప్రాసెసర్ సాకెట్ పవర్ లిమిట్ 88 వాట్లు కాబట్టి గేమింగ్‌కి దాంతో గడిచిపోతుంది. బ్లెండర్, వీడియో ఎక్స్‌పోర్ట్ లాంటి ఫుల్ లోడ్ పనులుంటే ఎండాకాలం దాంతో కష్టం. నాలుగు హీట్ పైపుల డీప్‌కూల్ ఏకే400, కొంచెం బడ్జెట్ ఉంటే ఆరు పైపుల థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ చాలు. కొనే ముందు మీ కేబినెట్‌లో ఆ ఎత్తు పడుతుందో లేదో చూసుకోండి. లిక్విడ్ కూలర్ అవసరం ఈ క్లాస్ ప్రాసెసర్లకి నాకైతే కనిపించదు. 7600 లోపల కోర్లు ఉన్న చిప్ సైజు సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. అంత చిన్న చోటు నుంచి వేడి బయటకి రావడమే అసలు ఇరుకు దారి. రేడియేటర్ ఎంత పెద్దదైనా ఆ దారి వెడల్పు కాదు.

మదర్‌బోర్డ్ దగ్గర ఒక్క జాగ్రత్త. ఏ620 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కి సపోర్ట్ లేదు, బీ650 తీసుకోండి. ఇంటెల్‌లో అయితే పేరు చివర కే ఉన్న ప్రాసెసర్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ ఉండాలి.

బిగించడం గురించి వీడియోలు బోలెడున్నాయి, నేను రెండు మూడు విషయాలే చెప్తా. కూలర్ అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ కవర్ తీశారో లేదో రెండోసారి చూడండి. పాత ఏఎం4 సిస్టమ్ విప్పుతుంటే ముందు కాసేపు నడిపి పేస్ట్ వెచ్చబడ్డాక, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. ఇక ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. అది ర్యామ్ ట్రెయినింగ్. కంగారుపడి పవర్ తీసేయకండి.

బయోస్‌లో ఏం మార్చాలి

మొదట ఏమీ మార్చకుండా సినీబెంచ్ ఆర్23ని 10 నిమిషాలు నడపండి. పక్కన హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరిచి టెంపరేచర్, పవర్, కోర్ స్పీడ్, గది టెంపరేచర్ నాలుగూ రాసుకోండి. గోడకి తగిలించే చవక థర్మామీటర్ చాలు. గది నంబర్ లేని టెంపరేచర్ రీడింగ్‌కి అర్థం లేదు.

తర్వాత కేబినెట్ పక్క డోర్ తీసేసి అదే టెస్ట్ మళ్లీ నడపండి. టెంపరేచర్ బాగా తగ్గిందా? అయితే మీ సమస్య కూలర్ కాదు, గాలి. చాలా ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ కింద పీసీకి చెక్క అర, దానికో తలుపు ఉంటుంది చూడండి, ఆ అరలో పెట్టిన పీసీ తన వేడి గాలి తనే పీల్చుకుంటుంది. అక్కడి నుంచి బయటకి తీయడం కంటే మంచి అప్‌గ్రేడ్, అదీ ఫ్రీగా, ఇంకోటి లేదు.

ఇప్పుడు బయోస్‌లోకి. ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ని అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్స్, నెగెటివ్, 10 ఇవ్వండి. ఇదే వోల్టేజ్ తగ్గించడం. ఒక్కో స్టెప్ 3 నుంచి 5 మిల్లీవోల్ట్‌లు. రైజెన్ తెలివి ఏంటంటే, వోల్టేజ్ తగ్గి పవర్, టెంపరేచర్‌లో ఖాళీ దొరికితే ఆ ఖాళీలో తనే స్పీడ్ పెంచుకుంటుంది. అంటే టెంపరేచర్ తగ్గకపోయినా స్కోర్ పెరిగిందంటే సెట్టింగ్ పని చేసినట్టే. మీకు చల్లదనమే కావాలంటే అక్కడే థర్మల్ లిమిట్ 85 అని రాసేయండి. 7600ఎక్స్ లాంటి 105 వాట్ల ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఎకో మోడ్ 65 పెడితే సాకెట్ పవర్ 142 వాట్ల నుంచి 88కి దిగుతుంది. గేమ్స్‌లో తేడా మీరు కనిపెట్టలేరు.

10 పాసైతే 15, ఆ తర్వాత 20. ఫోరమ్స్‌లో మైనస్ 30 స్క్రీన్‌షాట్లు చూసి నేరుగా అక్కడికి వెళ్లకండి. ఏ రెండు చిప్స్ ఒకేలా ఉండవు. ఇంకో విషయం, ఈ పద్ధతిలో క్రాష్ ఫుల్ లోడ్‌లో రాదు. సినీబెంచ్ అరగంట బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత క్రోమ్‌లో ఏదో చదువుతుంటే టక్కున రీస్టార్ట్. తక్కువ లోడ్‌లో ఒక్క కోర్ ఫుల్ స్పీడ్‌కి ఎగిరినప్పుడు వోల్టేజ్ చాలదు, అందుకే. కోర్ సైక్లర్ అనే ఫ్రీ స్క్రిప్ట్ ఒక్కో కోర్‌ని విడిగా టెస్ట్ చేస్తుంది, రాత్రంతా వదిలేయండి. పొద్దున విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా ఎర్రర్స్ ఉంటే ఐదు స్టెప్పులు వెనక్కి రండి.

వోల్టేజ్ పెంచడం వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఇటీవలి రెండు కేసులు గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్‌లో కొన్ని ఏఎం5 బోర్డుల్లో రైజెన్ 7800ఎక్స్3డీ చిప్స్ కాలిపోయాయి. ర్యామ్ ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్ మరీ ఎక్కువ ఇచ్చేవి. ఏఎండీ దాన్ని 1.3 వోల్ట్‌ల దగ్గర లాక్ చేసింది. 2024లో ఇంటెల్ వంతు. 13, 14 జనరేషన్ హై ఎండ్ డెస్క్‌టాప్ చిప్స్ అధిక వోల్టేజ్ వల్ల నెమ్మదిగా పాడవుతున్నాయని తేలింది, మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చి వారంటీ రెండేళ్లు పెంచింది. అప్‌డేట్ ఇంకా పాడవకుండా ఆపుతుందే కానీ పాడైన చిప్‌ని బాగు చేయదు. రెండు చోట్లా యూజర్ ఓవర్‌క్లాక్ చేయక్కర్లేకుండానే జరిగిన డ్యామేజ్ ఉంది. కాబట్టి ఏ ట్యూనింగ్ కంటే ముందైనా లేటెస్ట్ బయోస్ వేయండి. మీరు స్వయంగా వోల్టేజ్ పెంచి కాల్చుకుంటే వారంటీ రాదు. 18 వేలో 20 వేలో పెట్టి ఇంట్లో వాళ్లని ఒప్పించి కొన్న ప్రాసెసర్ మీద 9 శాతం కోసం ఆ రిస్క్ నేను తీసుకోమని చెప్పను.

టెస్ట్ ఎప్పుడు చేయాలి?

మధ్యాహ్నం 3 గంటలకి, ఏసీ ఆపేసి. రాత్రి ఏసీలో కూర్చుని ట్యూన్ చేసి సరిపోయింది అనుకుంటే, కరెంట్ పోయి పీసీ మాత్రం యూపీఎస్ మీద నడుస్తున్న రోజు, లేదా మీరు లేనప్పుడు రెండర్ నడుస్తున్న రోజు ఆ సెట్టింగ్ నిలబడదు. పైగా పీసీ కూడా గదిని వేడెక్కిస్తుంది. గేమింగ్‌లో 300 వాట్లు లాగే సిస్టమ్ అంటే ఆ 300 వాట్లూ చివరికి గదిలోకే. ఒక టన్ను ఏసీ ఫుల్‌గా తీయగలిగేది సుమారు 3,500 వాట్లు కాబట్టి ఏసీ ఉన్నవాళ్లకి పర్లేదు. తలుపులు మూసిన చిన్న గదిలో ఫ్యాన్ మాత్రమే ఉంటే గంటలో గది టెంపరేచర్ మారడం థర్మామీటర్‌లోనే కనిపిస్తుంది. ఒక గేమ్ కూడా గంటసేపు ఆడి చూడండి. 200 వాట్ల ఆర్‌టీఎక్స్ 4070 లాంటి కార్డ్ వదిలే వేడి గాలి ప్రాసెసర్ కూలరే పీల్చుకుంటుంది, ఆ పరిస్థితి సినీబెంచ్‌లో రాదు.

చలికాలంలో ఒకసారి మళ్లీ కోర్ సైక్లర్ నడపండి. గది చల్లగా ఉంటే రైజెన్ ఇంకా పైకి బూస్ట్ అవుతుంది, మేలో నిలబడిన మైనస్ 20 డిసెంబర్ తెల్లవారుజామున తడబడొచ్చు.

ఫ్యాన్ కర్వ్‌లో స్టెప్ అప్ టైమ్ రెండు మూడు సెకన్లు పెట్టండి, లేకపోతే రైజెన్ టెంపరేచర్ ఎగిరినప్పుడల్లా ఫ్యాన్ హోరు పెడుతుంది. నీళ్ల కూలర్ వాడే ఇళ్లలో దాని గాలి నేరుగా కేబినెట్ మీదకి తిప్పకండి, తేమతో పాటు దుమ్ము తడిసి ఫిన్స్‌కి అతుక్కుంటుంది. రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో దుమ్ము కొట్టండి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో ఆపి పట్టుకోండి. దసరాకి పీసీకి పసుపు కుంకుమ పెడతారు కదా, బొట్టు పక్క డోర్ మీద పెట్టమని అమ్మకి చెప్పండి, ముందు మెష్ మీద వద్దు.