ఆయుర్వేదము - దేహతత్త్వము

ఆయుస్సనఁగా జీవితము, వేదమనఁగా జ్ఞానము. జీవితమును గూర్చిన జ్ఞానమే యాయుర్వేదము. రోగికి మందిచ్చుట దీని పనులలో నొకటి మాత్రమే; ఆరోగ్యవంతుని యారోగ్యమును కాపాడుట దీని ప్రథమ ప్రయోజనము. చరకసంహిత, సుశ్రుతసంహిత, వాగ్భటుని యష్టాంగహృదయము అను మూఁడు గ్రంథములు ఈ శాస్త్రమునకు మూలస్తంభములు. "వాతపునొప్పులు", "పైత్యము చేసినది" అను మాటలు మన పల్లెలలో వినఁబడని యిల్లు లేదు. ఆ మాటల వెనుక నున్న సిద్ధాంతమును సంగ్రహముగఁ దెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము అను పంచభూతములచేతనే జగత్తును, దేహమును ఏర్పడినవని ప్రాచీనుల మతము. దేహమునందివి వాతము, పిత్తము, కఫము అను త్రిదోషముల రూపమునఁ బనిచేయును. ఉచ్ఛ్వాసము, చలనము, వాక్కు వాతమువలనను. జీర్ణక్రియ, దేహోష్ణము పిత్తమువలనను. స్నిగ్ధత, దార్ఢ్యము, కీళ్ల పట్టు కఫమువలనను కలుగును. ఇవి సమముగ నుండుట ఆరోగ్యము; హెచ్చుతగ్గులగుట రోగము. దోషమను పేరు విని యివి చెడ్డవని తలఁపరాదు. ఇవి లేనిదే దేహము నిలువదు.

భుజించిన యన్నము జఠరాగ్నిచేఁ బక్వమై, రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను సప్తధాతువులను క్రమముగఁ బోషించును. అగ్ని మందగించినచో అన్నము సరిగ పక్వము గాక, "ఆమము"గా నిలిచి రోగబీజమగునందురు. జ్వరము రాఁగానే లంఘనము చేయించి, పిదప జావ త్రాగించు ఆచారము ఈ భావము ననుసరించినదే.

ఆహారమునకింతటి ప్రాధాన్యము కలదు గనుకనే రుచులును ఔషధములలోఁ జేరినవి. ఉగాదిపచ్చడిలోని యాఱు రుచులను జ్ఞాపకము చేసికొనుఁడు. తీపి, పులుపు, ఉప్పు వాతమును. తీపి, చేఁదు, వగరు పిత్తమును. కారము, చేఁదు, వగరు కఫమును శమింపఁజేయునని శాస్త్రము. గ్రీష్మమున కారము, పులుపు, ఉప్పు తగ్గించి చల్లని ద్రవాహారము తీసికొనవలెనని వాగ్భటుఁడు విధించెను. అందు పానకమును గలదు. ఎండలు మెండైన మన సీమలో శ్రీరామనవమి నాఁటి పానకము ఋతువునకుఁ దగినదే కదా!

ఈ శాస్త్రము ఊహలపైననే నడచినదని తలఁచుట సరి గాదు. శల్యవైద్యము నేర్చువాఁడు దేహమును స్వయముగఁ జూడవలెనని సుశ్రుతమతము. మృతదేహమును గడ్డితోఁ జుట్టి, పంజరమునందుంచి, పాఱు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట కుంచెతో మెల్లగ రుద్దుచు పొరపొరగఁ బరీక్షింపవలెనఁట. చరకుఁడు 360 ఎముకలను, సుశ్రుతుఁడు 300 ఎముకలను లెక్కించిరి. నేఁటి శాస్త్రము పెద్దవారికి 206 అని చెప్పుచున్నది. ప్రాచీనులు దంతములు, మృదులాస్థులు మున్నగువానిని గూడ లెక్కించుటయే భేదమునకు ముఖ్యకారణము. లెక్క మాఱినను, "చూచి తెలిసికొనుము" అను విధి మాఱలేదు.

అయితే కంటికిఁ గానరానివి కొన్ని కలవు. రాజయక్ష్మమునకు శక్తికి మించిన శ్రమ, వేగనిరోధము, ధాతుక్షయము, విషమాహారము కారణములని చరకమతము. 1882లో కాఖ్ పండితుఁడు సూక్ష్మదర్శినితో క్షయక్రిమిని కనుఁగొనెను. మదనపల్లెచెంత నారోగ్యవరమున 1915లో మిషనులవారు క్షయరోగులకై వైద్యశాల స్థాపించిరి. ఆ తొలినాళ్లలో అచ్చటి చికిత్స విశ్రాంతి, స్వచ్ఛవాయువు, పుష్టికరాహారము. అనఁగా మన వైద్యులు పథ్యమనునదియే. దానివలన కొందఱు కోలుకొనిరి గాని క్రిమి నశింపలేదు. 1943లో స్ట్రెప్టోమైసిను కనుఁగొనఁబడెను. దాని వెంట మఱికొన్ని మందులును వచ్చెను. నేఁడు సాధారణ క్షయ ఆఱు నెలల మందులతో సాధారణముగ నయమగుచున్నది. పుష్టికరాహారము నేఁటికిని ఆ మందులకు తోడు. పథ్యము మందునకు సహాయము. మందునకు బదులు గాదు.

తిరుపతిలో దేవస్థానమువారు 1983లో శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలను స్థాపించిరి. ఇట్టి కళాశాలలలో విద్యార్థులు త్రిదోషములతోపాటు నవీన శరీరశాస్త్రమును గూడ నభ్యసించుచున్నారు. తిరుపతియు మదనపల్లెయు 2022 వఱకు ఒకే చిత్తూరు జిల్లాలోనివి. ఈ రెండు సంస్థలును మనకు పరాయివి గావు. దేనిని ఎప్పు డాశ్రయింపవలెనో తెలియుట ముఖ్యము.

పాము కఱచినచో పసరులతోఁ గాలము గడపక, గాయమును కోయక, విషహర సూదిమందు గల ఆసుపత్రికి వెంటనే చేరవలెను. రెండు వారములు మించిన దగ్గునకు కఫపరీక్ష చేయింపవలెను. పాదరసము, సీసము చేరిన రసౌషధములు దేహమునకు హాని చేయఁగలవు గావున సంతలలో కొని వాడరాదు. నిత్యజీవనమున మితాహారము, వేళకు నిద్ర, వ్యాయామము, ఋతువునకుఁ దగిన నడవడి అను ఆయుర్వేదోపదేశములు అందఱికిని శిరోధార్యములు.

వైద్యుఁడు, ఔషధము, పరిచారకుఁడు, రోగి - ఈ నలుగురును చికిత్సకు నాలుగు పాదములని చరకుఁడు చెప్పెను. రోగికిని నాలుగు గుణములుండవలెనఁట: జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడచుకొనుట, ధైర్యము, తన బాధను దాఁచక తెలుపుట. లోకులేమందురోయని క్షయను దాఁచి ప్రాణము మీఁదికిఁ దెచ్చుకొనువారు నేఁటికిని గలరు. విద్యార్థులారా, ఆ నాలుగవ గుణమును మీరు మొదట నేర్చి, మీ యింటివారికిని నేర్పుఁడు.