ముందు ఏ పాఠమో పిల్లలే చెప్పే బడి

ఒకటో తరగతిలోనే, ఈ పిల్ల మావల్ల కాదు తీసుకుపొమ్మంటే ఏ తల్లయినా ఏం చేస్తుంది? జపాన్‌లో టెట్సుకో కురొయనాగి విషయంలో జరిగిందిదే. డెస్కు మూత అస్తమానం తెరిచి మూస్తోందనీ, కిటికీలోంచి వీధి బాజావాళ్ళని పిలుస్తోందనీ టీచరు ఫిర్యాదు. తల్లి కూతుర్ని ఒక్క మాట అనలేదు. బడి మార్చింది, అంతే. తీసేసిన సంగతి ఇరవై ఏళ్ళు దాటాకగానీ చెప్పలేదు! (మనమైతే సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చెప్పేసి ఉందుము.)

కొత్త బడి టోక్యోలోని టొమొయె. కొబయాషి గారు 1937లో పెట్టారు. పాత రైలు పెట్టెలే తరగతులు. మొత్తం యాభైమంది పిల్లలు. చేరిన రోజు హెడ్మాస్టరు కొబయాషి గారు నాలుగు గంటలసేపు ఆ పిల్ల కబుర్లన్నీ విన్నారు.

పొద్దున్నే టీచరు ఆ రోజు చెయ్యాల్సినవన్నీ బోర్డుమీద రాసేవారు. దేంతో మొదలెట్టాలన్నది పిల్లల ఇష్టం. ఒకరు వ్యాసం రాస్తుంటే వెనకాల ఇంకొకరు స్పిరిటు దీపం మీద ఏదో మరిగిస్తుండేవారు. లెక్కలు ఇష్టంలేకపోతే ఎగ్గొట్టొచ్చని కాదు. ఎప్పుడన్నదే పిల్ల చేతిలో ఉండేది. ఇష్టారాజ్యమని కొట్టిపారేసేవాళ్ళు ఈ తేడా చూడరు.

ఓసారి టెట్సుకో పర్సు పాయిఖానా గుంటలో పడింది. పొడుగు గరిటె తెచ్చి అంతా బయటికి తోడేస్తోంది. అటువచ్చిన హెడ్మాస్టరు తిట్టలేదు, సాయానికి ఎవర్నీ పిలవలేదు. అయ్యాక మళ్ళీ లోపల పోసేస్తావు కదా అని మాత్రం అడిగి వెళ్ళిపోయారు. పర్సు దొరకలేదుగానీ, తోడిందంతా తనే తిరిగి పోసింది.

1945లో బాంబుదాడిలో ఆ బడి కాలిపోయింది. టెట్సుకో నటి అయింది. 1976లో ఆమె మొదలెట్టిన టీవీ ముఖాముఖి కార్యక్రమం దశాబ్దాలు నడిచింది. చిన్నప్పుడు తన మాట విన్నవాళ్ళుంటే పెద్దయ్యాక ఎదుటివాళ్ళ మాట వినడం వస్తుందేమో! 1984లో యూనిసెఫ్ ప్రచారకర్త అయింది. బడి గురించి 1981లో రాసిన పుస్తకం తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. స్పిరిటు దీపాల సరదా ఉన్న సహాధ్యాయి భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. ఎత్తు పెరగని ఇంకో అబ్బాయి గెలిచేలా హెడ్మాస్టరు ఆటలపోటీలే మార్చారు. ఆ ధైర్యంతోనే అతను కాలేజీ చదివి, కంపెనీలో ఉద్యోగం చేశాడు.

మన దగ్గర ఇంటరయ్యాక ఏం చదువుతావమ్మా అంటే 'డాడీ ఏదంటే అది' అనే ఆడపిల్లలు ఇంకా ఎందరో. పదిహేడేళ్ళలో ఒక్కటీ ఎంచుకోనివ్వకుండా, హఠాత్తుగా ఎంచుకోమంటే ఎలా?

మనకి రైలు పెట్టెలు లేవు. సెక్షన్‌కి అరవైమంది. అయినా హోంవర్కులో ముందేదన్నది పిల్లకి వదిలెయ్యొచ్చు. మొదట్లో బొమ్మలే ముందేస్తుంది, లెక్కల దగ్గర కునికిపాట్లు పడుతుంది. నాలుగోరోజు లెక్కలే ముందు తీయొచ్చు, ఆ మూడ్రోజులూ మనం నోరు కట్టుకోగలిగితే.