ప్రయాణపు చదువునకు ల్యాప్‌టాపు

కాలేజీలో చేరబోవు పిల్లకు పూర్వము ఒక రేకుపెట్టె, పరుపుచుట్ట, చెంబు, దుప్పటి సమకూర్చి పంపెడివారు. ఇప్పుడా పట్టికలో ల్యాప్‌టాపు చేరినది. చేరుటయే కాదు, వెలలో తక్కినవన్నియు ఒక యెత్తు, అదియొక్కటి ఒక యెత్తుగా నున్నది. ఏబది అరువది వేల రూపాయలు చీటీపాటనుండియో, పండుగ ఖర్చులలో మిగిల్చిన సొమ్మునుండియో తీసి యిచ్చునది తఱచుగా తల్లియే. అయినను దుకాణమునకు పోయినప్పుడు మాత్రము ఆమె కుర్చీలో మౌనముగా కూర్చుండును. “నాకవి యేమి తెలియును? వాళ్ల నాన్నగారు చూచుకొందురు” అనును. ఈ మౌనము తగదని నా యభిప్రాయము. నిత్యము ప్రయాణము చేయు పిల్లకు కొను యంత్రములో ముందుగా చూడవలసినవి బరువు, గట్టితనము, మూత అమరిక, కీళ్లు. కుక్కరు మూత బిగింపును, గిన్నె అడుగు మందమును, పెట్టె గడియను చేతితో తడవి బేరమాడు స్త్రీకి ఇవి తెలియని సంగతులు కావు గదా!

మా బోరబండ సంగతినే చెప్పెదను. ఒక ప్రక్క జూబిలీహిల్సు, ఫిలింనగరుల మేడలు. ఇటు చిన్న జీతగాండ్రు, దుకాణదారులు, చిత్రపరిశ్రమలో దినకూలికి పోవువారు కాపురముండు ఇఱుకు వీధులు. ఈ వీధులనుండి చదువుకొను పిల్లలు వేకువనే రైల్వేస్టేషనుకు బయలుదేఱుదురు. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లలో కొందఱు లింగంపల్లి వైపు, కొందఱు బేగంపేట, సికిందరాబాదుల వైపు పోవుదురు. వరంగల్లు ఎన్.ఐ.టి.లో చదువు పిల్లయైనచో సికిందరాబాదులో బండి మారి, కాజీపేట వఱకు మఱి 130 కిలోమీటర్ల దూరము పోవలెను. పండుగకొకసారి, పరీక్షల నడుమ నొకసారి రావలెను. రైలు లేనప్పుడు బస్సు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణములో స్త్రీలకు ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైన పిమ్మట ఆడవారి రద్దీ మిక్కిలి పెరిగినది. ఎందఱో పిల్లల చదువు నిలబెట్టిన మేలైన ఏర్పాటది. కాని ఆ రద్దీలో వీపుమీది సంచికి తగులు ఒత్తిడి సామాన్యమైనది కాదు. ల్యాప్‌టాపు తెరలు పగులుటకు క్రిందపడుట యొక్కటియే కారణము కాదు. ఈ ఒత్తిడియు ఒక పెద్ద కారణము.

ముందుగా బరువు. అరుణాచల గిరిప్రదక్షిణమునకు పోయివచ్చు సోదరీమణులకు ఒక వింత చెప్పవలెను. చేతబట్టుకొని పోదగిన కంప్యూటరును మొట్టమొదట విరివిగా అమ్మిన ఆడమ్ ఆస్బర్న్ అను నతని బాల్యము ఆ కొండపాదముననే గడచినది. అతని తండ్రి ఆర్థర్ ఆస్బర్న్ రమణమహర్షి భక్తుడు. 1981లో ఆడమ్ అమ్మకమునకు పెట్టిన యంత్రము బరువు ఇంచుమించు 11 కిలోలు. తెర అయిదంగుళములు, లోపల బ్యాటరీయే లేదు. కుట్టుమిషను పెట్టెవలె పిడి పట్టి మోయవలసినది! నేడు కిలోంబావునకే మేలైన యంత్రము దొరకుచున్నది. ఇంత తగ్గిన తరువాత బరువును గూర్చి విచారమేల యందురేమో. అరకిలో భేదము దుకాణములో తెలియదు. రెండు పుస్తకములు, టిఫిను డబ్బా, లీటరు నీళ్లసీసా చేరిన సంచితో ప్లాట్‌ఫారము వంతెన యెక్కునప్పుడు తెలియును.

పదునాలుగు అంగుళముల తెర గలవి సాధారణముగా 1.2 మొదలు 1.5 కిలోల వఱకు, పదునైదున్నర అంగుళములవి 1.6 మొదలు 1.9 కిలోల వఱకు తూగును. ఆటలకొఱకు చేసిన మోడళ్లు తఱచుగా రెండుంబావు కిలోలు దాటును. వాటి చార్జరే అరకిలో యుండును. కాగితముపై ముద్రించిన బరువులో చార్జరు చేరదు గనుక దానిని వేరుగా తూచి కలుపుకొనవలెను. నా మాట వినినచో, పిల్లను ఆమె నిత్యము మోయు సంచితో, అందలి సమస్త సామానుతో దుకాణమునకు తీసికొని పొండు. యంత్రమును సంచిలో పెట్టించి, మేడమెట్లు ఒకసారి యెక్కి దిగుమనుడు. దుకాణదారుడు నవ్వినను నవ్వనిండు. ప్రయాణపు పిల్లకు పదునాలుగంగుళములే తగునని నేననుకొందును. గదిలో కదలక కూర్చుండువారికి పెద్ద తెర సౌఖ్యము.

ఇక కీలు. పుస్తకమువలె మూత మడచు పద్ధతి 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ అను యంత్రముతో ప్రసిద్ధికెక్కినది. దానికి మెగ్నీషియము మిశ్రమలోహపు తొడుగు వేసిరి, అమెరికావారు దానిని అంతరిక్షనౌకలోనికి సైతము తీసికొనిపోయిరి. నేటి చవుక యంత్రములలో తొడుగు ప్లాస్టికు, కీలు లోహము. చిక్కంతయు ఇందే యున్నది. లోహపు కీలును బిగించిన స్క్రూలు సన్నని ప్లాస్టికు గూళ్లలో దిగియుండును. కాలక్రమమున కీలు బిగుసుకొనును; మూత తెఱచినప్పుడెల్ల ఆ బలమంతయు గూటిమీద పడును; ఒకనాడు గూడు చిట్లి, తొడుగు విచ్చుకొనును. కుక్కరు పిడి యెట్లు ఊడునో మీకు తెలియును: పిడి విఱిగి కాదు, స్క్రూ పట్టు వదలి. ఇదియు నంతే.

కాబట్టి దుకాణములో ప్రదర్శనకు పెట్టిన యంత్రమును తాకి చూడుడు. మూతను మూల పట్టి కాక ముందటి అంచు నడుమ పట్టి తెఱవుడు. అది మెత్తగా, రెండువైపుల సమముగా లేవవలెను. మఱీ వదులుగా నున్నచో రైలు కుదుపునకు తెర తనంతట వాలిపోవును. తెర రెండు మూలలను పట్టి సుతారముగా మెలివేసి చూచినప్పుడు అట్టవలె వంగరాదు. మీటల నడుమ వ్రేలితో ఒత్తినచో పలక లోనికి క్రుంగరాదు. అల్యూమినియపు తొడుగు గలది మేలే. కాని లోహమువలె మెఱయు రంగుపూత ప్లాస్టికు చాలచోట్ల కలదు. గోటితో కొట్టి చప్పుడు వినినచో తేడా తెలియును.

మా వీధిలోని యొక పిల్లకు నాలుగవ సంవత్సరపు ప్రాజెక్టు సమర్పింపవలసిన గడువు మూడు వారములున్నదనగా రైలులో కీలు విఱిగినది. మరమ్మతు కేంద్రమువారు అది వాడుకలో కలిగిన దెబ్బ గాన వారంటీ వర్తింపదని చెప్పి, పదివేల పైచిలుకు అడిగిరి. ఆ తల్లికి చీటీ డబ్బు రావలసిన నెల యింకను దూరముగా నున్నది. వ్రాసినదంతయు ఆ యంత్రములోనే యుండుటచే పిల్ల స్నేహితురాలి ల్యాప్‌టాపు అడిగి, ఆమె నిద్రించిన తరువాత రాత్రులందు పని మరల మొదటినుండి చేసికొన్నది. ఆ యంత్రమును కొన్ననాడు దుకాణములో అందఱును మెచ్చుకొన్నది దాని వేగమును, రంగును!

వారంటీ మాట వచ్చినది గాన చెప్పుచున్నాను. సాధారణపు వారంటీ తయారీలోని లోపములకే గాని పడుట, ఒలుకుట, పగులుటలకు కాదు. ప్రమాదనష్టమునకు వేరుగా రక్షణపథకమును చాల కంపెనీలు అమ్ముచున్నవి. దానిని కొన్ననాడో, వారు చెప్పిన గడువులోనో తీసికొనవలెను. తఱచు ప్రయాణించు పిల్లకు దీనికి పెట్టు సొమ్ము దండుగ కాదు. సంచియిచ్చెదము, మౌసు ఇచ్చెదమని చూపు బహుమానములకంటె ఆ వెలకు ఈ పథకమిమ్మని బేరమాడుడు. మరమ్మతుకేంద్రము మన యూరిలోనే కాక, పిల్ల చదువు ఊరిలోను ఉన్నదో లేదో అడుగుడు.

“మిలిటరీ పరీక్షలో నెగ్గిన యంత్రము” అని విక్రేత ఒక మాట తప్పక చెప్పును. అది మిల్ ఎస్.టి.డి. 810 అను అమెరికా రక్షణశాఖ ప్రమాణము. 2019లో వెలువడిన ‘హెచ్’ పాఠమును తఱచుగా పేర్కొందురు. వేడి, చలి, దుమ్ము, కుదుపు, పాటు మొదలైన పరీక్షలు అందు పెక్కు కలవు. కాని వాటిలో ఏవి చేయవలెనో కంపెనీయే యెంచుకొనును. రక్షణశాఖ ముద్రవేసి యిచ్చు యోగ్యతాపత్రము కాదది. ఆ మాట వినినప్పుడు “ఏయే పరీక్షలు?” అని యడుగుడు. జవాబు చెప్పగలిగినచో సంతోషమే.

లోపలి భాగములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. పాత యంత్రములలోని హార్డుడిస్కు గ్రామఫోను పలకవలె తిరుగును, నిమిషమునకు 5400 చుట్లు. తిరుగుచుండగా కుదుపు తగిలినచో చెడును. ఎస్.ఎస్.డి. యందు తిరుగునదేదియు లేదు. ప్రయాణపు పిల్లకు ఇదియే కావలెను, 512 జీబీ చాలును. ర్యాము 16 జీబీ యుండుట మంచిది. పలుచని మోడళ్లలో ర్యామును పలకకే అతికించివేయుదురు గనుక తరువాత పెంచుకొందమన్న వీలు కాదు.

బ్యాటరీని మాత్రము వంటనూనె లెక్క కట్టినట్లు కట్టవలెను. పెట్టెమీద “పండ్రెండు గంటలు” అని యుండును. అది తెర వెలుగు తగ్గించి, తేలిక పనితో చేసిన కొలత. వాట్-అవర్లు ఎన్నియో చూడుడు. 50 వాట్-అవర్ల బ్యాటరీని పదివాట్ల వాడకముతో నడిపినచో అయిదు గంటలు వచ్చును. 70 ఉన్నచో ఏడు. విదేశమునకు చదువ పోవు పిల్లకు ఇంకొక సంగతి: 100 వాట్-అవర్లకు లోబడిన బ్యాటరీ గల ల్యాప్‌టాపును విమానములో చేతిసంచిలో పెట్టుకొనవచ్చును, విడిబ్యాటరీలను, పవర్‌బ్యాంకులను అప్పగించు పెట్టెలలో వేయరాదు. మన దేశములోని విమానములలో చేతిసంచికి సామాన్యముగా 7 కిలోలే హద్దు గనుక, ఇచ్చటను ఆ అరకిలో భేదము ముందుకు వచ్చును.

టైప్-సి చార్జరుతో నడచు యంత్రమైనచో అదే చార్జరు ఫోనుకును పనికివచ్చును. హాస్టలులో మఱచి వచ్చినను మఱియొకరిది అడుగవచ్చును, తగినన్ని వాట్లు గలదైన చాలును. యంత్రమును ఊరక మూత మూసి సంచిలో దోపరాదు. అది నిద్రనుండి తనంతట మేలుకొని, గాలిలేని సంచిలో కాగిపోవుట కద్దు. వేడికి బ్యాటరీ ఆయువు తగ్గును. బయలుదేఱుటకు ముందు పూర్తిగా ఆర్పవలెను. మీటలమీద కలము మఱచి మూత మూసి తెర పగులగొట్టుకొన్న పిల్లలు లెక్కకు మిక్కిలి. రద్దీ బస్సులో సంచిని వీపుమీద కాక పొట్టకు హత్తుకొని నిలబడుమని చెప్పుడు.

క్రొత్తది కొన వీలులేని యిండ్లవారు నిరాశపడ నక్కఱలేదు. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల కార్యాలయములలో వాడి తీసివేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి యంత్రములు దొరకును. చవుకరకపు క్రొత్త యంత్రముకంటె వీటి కీళ్లు గట్టివి. భాగములను మార్చుటయు సులభము. కాని ఒక జాగ్రత్త. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు పూర్వపు ప్రాసెసర్లను సాధారణముగా అంగీకరింపదు. ఎంత మెఱుగుపెట్టి చూపినను అంతకంటె పాతది కొనవలదు. బ్యాటరీ ఆరోగ్యమును తెలుపు నివేదిక విండోస్‌లోనే తీయవచ్చును. దుకాణదారుని ఎదుటనే తీయుమనుడు. బిల్లు లేనిచో వెనుకకు తిరిగి రండు.

సినిమా ఎడిటింగు నేర్చుకొను పిల్లలకు ఈ లెక్కలు కొంత మారును. అన్నపూర్ణ స్టూడియోలో 2011లో ఆరంభమైన కళాశాల వంటి చోట్ల చదువువారికి రంగులు సరిగా చూపు తెర, వేఱు గ్రాఫిక్స్ చిప్పు అవసరమగుటచే బరువు పెరుగుట తప్పదు. అట్టివారు బరువైనదానిని మంచి పట్టీల సంచిలో మోయవలసినదే. తక్కిన చదువులవారు వారిని చూచి బరువు నెత్తికెత్తుకొనవలదు.

కొన్న దినముననే చేయవలసిన పనులు రెండు కలవు. పిల్ల వ్రాసినదెల్ల ఇంకొక చోట, క్లౌడులో గాని విడి డిస్కులో గాని, తనంతట నకలు చేరునట్లు ఏర్పాటు చేయింపుడు. యంత్రము అడుగున నుండు క్రమసంఖ్యను ఇంటి పద్దుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొని, బిల్లు ఫోటోను మీ ఫోనులో గూడ ఉంచుకొనుడు. రైలులో యంత్రము పోయినచో పోలీసులు ముందుగా అడుగునవి ఈ రెండే.