పరభాషా జ్ఞానమును కొలుచుట యెట్లు?



పరీక్ష యన్న మాట వినినంతనే మనలో ననేకుల గుండెలు దడదడలాడును. మాతృభాష గాక వేఱొక భాషలో పరీక్ష యన్నచో ఆ భయము రెట్టింపగును. అయితే పరభాషను నేర్చినవాని శక్తిని కొలుచుట పరీక్షకునకు సైతము ఎంత కష్టమో మనము సాధారణముగ నాలోచింపము. ఆ సంగతి గ్రహించినచో మనము చదువవలసిన విధము కూడ బోధపడును.

లెక్కలలో ఉత్తరము తప్పో ఒప్పో వెంటనే తేలును. భాష యట్టిది కాదు. వినుట, మాటలాడుట, చదువుట, వ్రాయుట యని భాషాశక్తి నాలుగు విధములు. ఒకదానియందు గట్టివాడు తక్కినవానియందును గట్టివాడై యుండవలెనను నియమము లేదు. ఆంగ్లమున మంచి మార్కులు పొందిన బాలుడు, రైలు స్టేషనులో విదేశీయుడొకడు దారి యడిగినచో నోరు మెదపలేక నిలిచిపోవచ్చును. అదే విదేశీయునితో చక్కగ బేరమాడు వర్తకుడు ఆంగ్లమున ఒక్క వాక్యమైనను తప్పులేక వ్రాయలేకపోవచ్చును. వీరిలో భాష వచ్చినవాడెవడు? ఏ పనికొఱకు భాష కావలెనో తెలియక ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పజాలము.

మన తెలుగునే పరభాషగా నేర్చి పరీక్ష యిచ్చినవారు కలరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో క్రొత్తగా చేరిన ఆంగ్లేయులకు దేశభాషలు నేర్పి పరీక్షించుటకై 1812లో చెన్నపట్టణమున ఫోర్టు సెంటు జార్జి కళాశాల స్థాపింపబడెను. 1817లో ఆ పట్టణమునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నభ్యసించి, 1820లో పరీక్షయందు ఉత్తీర్ణుడై, ఉద్యోగియై కడపకు పోయెను. రైతు చెప్పుకొను మొఱను దుబాసి లేకయే విని గ్రహించుట అట్టి యుద్యోగికి ముఖ్యము గదా!

అట్టివానిని పరీక్షించు విధమునకు ఒక యుదాహరణము. ఆంగ్లమున ‘వుయ్’ అను నొక్క మాటకు తెలుగున ‘మేము’, ‘మనము’ అని రెండు మాటలు గలవు. వినువానిని కలుపుకొనినచో ‘మనము’, విడిచినచో ‘మేము’. ఈ సూత్రమును చెప్పుమని యడిగినచో వ్యాకరణము వల్లించిన వాడెల్ల చెప్పును. అట్లుగాక, ‘నీ మిత్రుని నీతోకూడ తోటకు రమ్మని పిలువుము’ అనవలెను. అతడు తడుముకొనక ‘మనము తోటకు పోదము రమ్ము’ అనినచో, భాష వానికి పట్టుబడినదని నమ్మవచ్చును.

1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు పరదేశీయులకు ఆంగ్లభాషా ప్రావీణ్య పరీక్ష నొకదానిని ఆరంభించిరి. అనువాదము, వ్యాసము, వ్యాకరణము, సాహిత్యము, ధ్వనిశాస్త్రము, సంభాషణము మున్నగునవి చేరి అది పండ్రెండు గంటల పరీక్ష యయ్యెను. మొదటి సంవత్సరము ముగ్గురు మాత్రమే కూర్చుండిరి, ఒక్కరైనను నెగ్గలేదు!

మంచి పరీక్షకు రెండు లక్షణము లుండవలెను. కొలువదలచిన దానినే కొలుచుట మొదటిది; మానికతో బట్టను కొలువలేము గదా. ఎవరు దిద్దినను ఒకే ఫలితము వచ్చుట రెండవది. ఈ రెంటిని పొందుపఱచుట దుర్ఘటము. 1964లో అమెరికాలో ఆరంభమైన టోఫెల్ పరీక్ష, ఇచ్చిన నాలుగు ఉత్తరములలో సరియైనదానిని గుర్తించు పద్ధతి నవలంబించెను. ఇందు దిద్దువారి పక్షపాతమునకు తావు లేదు. కాని నోటిమాటను పరీక్షించు భాగము 2005 వఱకు ఆ పరీక్షలో చేరలేదు. వ్యాసము, సంభాషణము మనుష్యుని శక్తిని చక్కగ చూపును గాని, దిద్దువారి అభిప్రాయములు భేదించును. అందువలననే ఒకే వ్యాసమును ఇరువురు వేర్వేఱుగ దిద్దు నాచారము ఏర్పడినది.

2001లో ఐరోపా మండలివారు ఆఱు మెట్లుగల యొక కొలమానమును ప్రకటించిరి. ‘వీనికి ఎన్ని తప్పులు?’ అని గాక, ‘వీడు ఈ భాషతో ఏమి చేయగలడు?’ అని అది యడుగును. ఎదుటివాడు మెల్లగ మాటలాడినచో తన పేరు, ఊరు చెప్పుకొనగలుగుట మొదటి మెట్టునకు చెందిన శక్తి. ఇట్లు కొలిచినప్పుడు, కొంచెము నేర్చినవానికి కూడ తాను నేర్చినది కనబడును.

తప్పులను గూర్చి ఒక మాట. ఆంగ్లమున నామముల ముందు వచ్చు ‘ఎ’, ‘ది’ అను చిన్న మాటలవంటివి తెలుగున లేవు. కావున మన బాలురు వానిని విడుచుచుందురు. ఇది బుద్ధిమాంద్యము కాదు. మాతృభాష చూపిన త్రోవ. తప్పునకు కారణమెఱిగిన ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరా గీత గీచి యూరకుండడు. మఱునాటి పాఠమును దానినిబట్టియే నిర్ణయించుకొనును.

పరీక్ష దేని నడుగునో విద్యార్థి దానినే చదువును. వ్యాసము కంఠస్థమైన చాలునని తోచినచో కంఠస్థమే చేయును. సంవత్సరములు గడచును, భాష మాత్రము రాదు. కావున సోదరులారా, పరీక్ష అడిగినను అడుగకున్నను ప్రతిదినము కొంచెమైన వినుడు, మాటలాడుడు. తప్పు మాటలాడితిమని సిగ్గుపడకుడు. పరీక్ష ఒక దినముతో ముగియును. నేర్చిన భాష మన వెంట నడచును.